పదకొండో అంతస్తు

జనగామ,
ఫిబ్రవరి 9

అరే లక్ష్మా,

ఈ వంకర రాత చూసి ఎవరో బెదిరింపు ఉత్తరం రాశారని పోలీస్ స్టేషన్‌కు పోకు. రాసేది నేనే, డేవిడ్‌ను. ఇరవై ఏడేళ్ల కింద జనగామ హాస్టల్లో నీ రేకు పెట్టె పక్కన పెట్టె నాదే. మొన్న క్రిస్మస్‌కు ఫోన్లో మాట్లాడుకున్నాం కదా, ఆ తర్వాత పది రోజులకు నా చేయి నలిగింది.

గనిలో నాది హాలర్ డ్యూటీ అని నీకు తెలుసు. ఏటవాలు దారిలో ఇనుప తాడు కట్టి బొగ్గు టబ్బులను పైకి లాగే, కిందికి దించే ఇంజను అది. షిఫ్టు మారే వేళ పైకప్పు నుంచి ఒక పెల్ల ఊడి కుడిచేతి మీద పడింది. వేళ్లు పోలేదు, దేవునికి స్తోత్రం. కానీ బొటనవేలు, దాని పక్కవేలు నా మాట వినడం మానేశాయి. ఆపరేషన్ అయ్యింది. ఇప్పుడు సుజాతక్క ఇంట్లో ఉండి రోజూ కసరత్తుకు పోతున్నాను. అక్క నాకు అన్నం కలిపి పెడుతోంది. నలభై రెండేళ్ల గాడిదను, సిగ్గుతో తింటున్నాను, కడుపునిండా తింటున్నాను.

కసరత్తు చేయించే శ్రీలత మేడం గట్టి మనిషి. "డేవిడన్నా, రబ్బరు బంతి పిసుకుడు సరిపోదు. రోజుకింత రాయాలె. ఎవలకన్న ఉత్తరం రాయి" అంది. "గిప్పుడు ఉత్తరాలు ఎవలు రాస్తరు మేడం?" అన్నాను. "చెయ్యి కావాలన్నోళ్లు రాస్తరు" అంది. శోభకు రాద్దామంటే పెళ్లాం రోజూ ఫోన్లో తిడుతూనే ఉంది, కొత్తగా రాసేదేం లేదు. అందుకే నీకు.

అసలు సంగతి విను. అక్క కూతురు అక్షిత డిగ్రీ చదువుతోంది. దాని దగ్గర ఖరీదైన వీడియో గేమ్ మిషన్ ఉంది. "మామా, వేళ్లకు మంచిగుంటది, ఆడు" అని రిమోట్ చేతిలో పెట్టింది. దాని మీద పదహారు బటన్లు, రెండు పుల్లలు! పెట్టగానే ఆట మొదలు కాలేదు. ఏదో డౌన్‌లోడ్ కావాలట. అక్క అన్నం వండింది, మేం తిన్నాం, గిన్నెలు కూడా కడిగింది, అది ఇంకా అవుతూనే ఉంది. తీరా మొదలయ్యాక బొమ్మ అద్భుతం, అబద్ధమెందుకు, ఆకు మీద నీటిచుక్క కూడా కనబడుతుంది. నేను నాలుగుసార్లు చచ్చిపోయాను. అప్పుడు తెర మీద అడిగింది, మీకు కష్టంగా ఉన్నట్టుంది, తేలిక చేయమంటారా అని. అక్షిత అవునని నొక్కమంది, నొక్కాను. ఇక చూడు, శత్రువులు నా ముందుకొచ్చి వరసగా నిలబడి చచ్చారు. ఈ నెల రోజులుగా నా చేతిని చూసి అందరూ పెట్టే జాలిమొహమే ఆ మిషన్ కూడా పెట్టింది. రిమోట్ పక్కన పడేశాను.

ఐలయ్య సైకిల్ షాపు వెనక గదిలో మనం ఆడిన నిచ్చెనల ఆట గుర్తున్నదా? క్యాసెట్ మీద పేరు చైనా అక్షరాల్లో ఉండేది, నిచ్చెనల ఆట అన్నది మనం పెట్టిన పేరే. పద్దెనిమిది అంతస్తుల కోట, మూడు ప్రాణాలు, రెండే బటన్లు. కింద నుంచి నీళ్లు తరుముకొస్తుంటాయి. జారితే నీళ్లలో పడ్డట్టే, ఎవని కొడుకైనా సరే. నాకు ఆ ఆట కావాలి. నీది రిపేరు షాపు కదా, ఎక్కడో దొరుకుతుంది. దొరకకపోయినా జవాబు మాత్రం రాయి. ఫోన్ చేస్తే ఎత్తను. నేనింత తిప్పలు పడి రాస్తుంటే నువ్వు వేలితో మెసేజ్ కొడతావా?

ఈ ఉత్తరానికి మూడు రోజులు పట్టింది.

నీ డేవిడ్


మహబూబాబాద్,
ఫిబ్రవరి 21

డేవిడ్‌కు రాం రాం.

నీ ఉత్తరం షాపులోనే చదివాను. మిక్సీ రిపేరుకు వచ్చినాయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి "ఎవలన్న పోయిండ్రా?" అని అడిగాడు. "లేదు, బతికిండు" అన్నాను. పెల్ల తల మీద పడి ఉంటే నేనిప్పుడు ఎవరికి రాసేవాణ్ని? నిన్ను బయటికి లాగినవాళ్లు ఎవరో కానీ వాళ్ల పిల్లలు చల్లగా ఉండాలి.

నీ రాత వంకరగా ఉందని బాధపడకు. తండా నుంచి హాస్టల్‌కు వచ్చినప్పుడు నా రాత ఇంతకంటే ఘోరం. నోట్లో లంబాడీ తప్ప వేరే మాట లేదు. అందరూ నవ్వితే నువ్వు ఒక్కడివే నవ్వకుండా ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నావు. తప్పుకు తప్పు కొట్టేసేవాడివి. "పాపం రా, తండా పిలగాడు, జర వదిలెయ్" అని పక్కవాళ్లంటే, "వదిలేస్తే వీనికి ఎట్ల వస్తది?" అనేవాడివి. అప్పుడు నీ మీద ఒళ్లు మండేది. ఇవాళ షాపు బోర్డు నా చేత్తో నేనే రాసుకున్నాను. ఒక్క తప్పు లేదు, వచ్చి చూడు.

నీ ఆట దొరికింది. నమ్ముతావా, వెతకాల్సిన పనే పడలేదు. ఈ రెండు మూడేళ్లుగా పాత మిషన్లు రిపేరుకు తెగ వస్తున్నాయి. బ్యాంకులో పనిచేసే ఒకామె అటక మీద నుంచి తీసి తెచ్చింది. "కొత్తది కొనుక్కోవచ్చు కదమ్మా" అన్నాను. "నాకు దొరికేదే పావుగంట అన్నా. కొత్తది పెడితే గంట కొట్టి రోజుకోసారి రమ్మంటది, రాకపోతే వెనకబడ్డవంటది. ఆఫీసుల గదే, ఇంట్ల గదే. ఇది ఆపితే ఆగుతది" అంది. జఫర్‌గఢ్ నుంచి ఒక సారు వస్తాడు, లెక్కల సారు. ఆయనకు భార్యాభర్తలిద్దరూ ఒకే చాపమీద కూర్చుని ఆడే ఆటలే కావాలి. "కొత్త వాటిల్ల ఊరూ పేరూ తెల్వని పోరగాండ్లు చెవుల తిడుతరు లక్ష్మా, ఇండ్ల తిట్టేది మా ఆవిడ ఒక్కతే" అంటాడు. నాకు మాత్రం ఒకటే కారణం. పాతదాన్ని మూత విప్పితే లోపల ఏముందో కనబడుతుంది. పాడైతే బాగుచేయొచ్చు.

నిచ్చెనల ఆట క్యాసెట్ నా దగ్గర ఉన్న డబ్బాలో అడుగున ఉంది. పెట్టి చూశాను. రెండో సెకనుకే మొదలైంది. నాలుగో అంతస్తులో గబ్బిలం అప్పట్లాగే ఎడమ కిటికీ నుంచే వచ్చింది, నా వేలు నాకంటే ముందే కదిలింది. మిషన్, రిమోట్, క్యాసెట్ కలిపి రేపు బస్సు కార్గోలో వేస్తున్నాను. అక్కయ్య టీవీ వెనక ఎరుపు, తెలుపు, పసుపు రంధ్రాలుంటే చాలు, అదే రంగు పిన్ను అందులో గుచ్చు.

చేయి జాగ్రత్త.

నీ లక్ష్మా


జనగామ,
మార్చి 14

లక్ష్మా,

పార్సిల్ అందింది. నీ కడుపు చల్లగుండ! టీవీ పెట్టగానే ఆ టింగుటింగు పాట మొదలైంది. నేను ఏడ్చినంత పని చేశాను. అక్షిత మాత్రం పడి పడి నవ్వింది. "మామా, మనిషికి ముక్కుమొహం లేదు, ఏడు గడులు ఒక దాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నడు. నీకు ఆట ఇష్టం గాదు, నీ చిన్నతనం ఇష్టం" అంది.

రెండు రోజులు ఆలోచించాను ఆ మాట. ఏం చిన్నతనం రా మనది? నీళ్లపప్పు, నల్లుల మంచాలు, చలికాలం చన్నీళ్ల స్నానం. అదంతా ఎవనికి కావాలె? నాకు కావలసింది వేరే. ఈ ఆటకు నేనెవరో తెలియదు. నా చేయి నలిగిందని తెలియదు. హాస్టల్ పిల్లవాడికి ఏ కొలత పెట్టిందో ఇప్పుడూ అదే కొలత పెడుతుంది. నా కాళ్లకు సరిపోయేలా నిచ్చెన మెట్లు దగ్గర జరపదు. అక్షితకు ఇదే చెప్పాను. అది నా పక్కన కూర్చుని, "గట్లయితే నాకు గూడ నేర్పు" అంది. ఇప్పుడు మూడో అంతస్తులో కొట్టుకుంటోంది.

ఇక నా సంగతి. ఎడమచేయి బాగానే ఉంది, నడిపేది దానితోనే. కుడి బొటనవేలుతో మెల్లగా పది అంతస్తులు ఎక్కాను. పదకొండో అంతస్తు తెలుసు కదా, తాడు పట్టుకుని ఊగే చోటు. బొటనవేలు కొసతో ఒక బటన్ నొక్కి పట్టుకునే ఉండాలి, అదే వేలిని వాల్చి రెండోది నొక్కాలి. పట్టు వదిలితే తాడు జారుతుంది. పదమూడు రోజులుగా అక్కడే పడుతున్నాను. నొక్కాననే అనుకుంటాను. వేలు వదిలేసిన సంగతి నాకు తెలియదు, నీళ్లలో పడ్డాకే తెలుస్తుంది. నిన్న ఇరవైసార్లు ఆడితే ఇరవైసార్లూ పడ్డాను.

శ్రీలత మేడం నరం మెల్లగా పెరుగుతుంది అంటుంది. నాకు ఓపిక అయిపోయింది. రాయబుద్ధి కావడం లేదు. ఈ ఉత్తరం కూడా అక్క తిడితే రాస్తున్నాను.

డేవిడ్


మహబూబాబాద్,
మార్చి 22

డేవిడ్‌కు,

ఆ రిమోట్ పాతది, లోపల రబ్బరు అరిగి ఉంటుంది. తప్పు నీ వేలిది కాదేమో. అది కార్గోలో వెనక్కి పంపు, రబ్బరు మార్చి ఇస్తాను.

నువ్వు రాయడం మాత్రం ఆపకు. అక్కయ్య నాకు ఫోన్ చేసింది. గోడకు మొహం తిప్పి కూర్చుంటున్నావట, అన్నం కూడా సగమే తింటున్నావట. చెబుతూ ఫోన్లోనే ఏడ్చింది. నువ్వు అట్లాంటి మనిషివి కాదు.

షాపులో పని ఎక్కువగా ఉంది, ఎక్కువ రాయలేను.

లక్ష్మా


భూపాలపల్లి,
మే 11

మా లక్ష్మా మహారాజుకు!

మన క్వార్టరుకు వచ్చేశాను. శోభ గుమ్మంలో దిష్టి తీసి మరీ లోపలికి రానిచ్చింది, చర్చికి పోయేదానివి ఇదేందే అంటే "గది వేరే, గిది వేరే" అంది.

నువ్వు రబ్బరు మార్చి పంపిన రిమోట్ బంగారం రా. వచ్చిన రెండో రోజే పదకొండో అంతస్తు దాటాను. ఆ వేళ నేను పెట్టిన కేకకు అక్క వంటింట్లో గంటె పడేసి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం కలిసి ఏడ్చాం. ఆ రోజు నుంచి చూడు, అన్నం నా చేత్తో నేనే తింటున్నాను. శ్రీలత మేడం బంతి మార్చి గట్టిది ఇచ్చింది. ఈ ఉత్తరం ఒకే కూర్చుండుడుకు రాస్తున్నాను, గీతలు చూడు ఎంత నిలువుగా ఉన్నాయో.

ఇప్పుడు పదిసార్లు ఆడితే పదిసార్లూ దాటుతున్నాను. సాయంత్రమైతే మా క్వార్టర్ల లైన్లో వాళ్లంతా మా ఇంట్లోనే. పక్క క్వార్టర్ కాళి అన్న రిటైరై ఆరేళ్లైంది, ఆయన కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుని తాడు దగ్గర ఊపిరి బిగబడతాడు. పద్దెనిమిదో అంతస్తు కూడా ఎక్కేశాను. పైన ఏముంది అనుకున్నావు? ఒక జెండా, చైనా అక్షరాల్లో రెండు మాటలు. అంతే, ఆట అయిపోయింది. కాళి అన్న చప్పట్లు కొట్టి, "అయిపోవుడు మంచిగున్నది. మా మనుమని ఆట ఏండ్లసంది అయిపోతలేదు" అన్నాడు.

నిన్న మెడికల్ బోర్డు కాగితం వచ్చింది. జూన్ 18న కంపెనీ డాక్టర్ల ముందు నిలబడాలి. ఫిట్ అంటే మళ్లీ హాలర్ మీదికి, లేదంటే పైన తేలిక పని. వాళ్లు చేసేదేముంది, పిడికిలి బిగించమంటారు, ఒక మిషన్ ఇచ్చి పిసకమంటారు, ఐదు నిమిషాల పని. అది దాటుతాను. నాకు భయం దాని గురించి కాదు. హాలర్ కింద పట్టాల వెంట పన్నెండు మంది పనిచేస్తుంటారు. నేను బ్రేకు లివర్ పట్టుకున్నంతసేపే టబ్బులు ఆగుతాయి. పట్టు వదిలితే వాళ్ల మీదికే. నా చేయి వదలదని డాక్టరుకు కాదు, నాకు తెలియాలి.

నాకు తెలిసింది లక్ష్మా. ఆ తాడు దగ్గరే తెలిసింది. అక్షిత మిషన్‌లో గెలిస్తే గెలిచింది నేనో అదో తెలిసేది కాదు. ఇది అట్ల కాదు. పట్టుకుంటే పట్టుకున్నట్టు, వదిలితే వదిలినట్టు. పదికి పది అంటే నా చేయి వచ్చినట్టే. మందులు ఒక ఎత్తు, నువ్వు ఒక ఎత్తు. ఈ చేయి ఉన్నంతకాలం నీ పేరు చెప్పుకుంటాను.

శోభ నీకు సకినాలు పంపుతానంటోంది. ఉత్తరం రాసి చాలా రోజులైంది నువ్వు, ఏమైంది?

నీ డేవిడ్


మహబూబాబాద్,
జూన్ 3

డేవిడ్‌కు,

ఇది ఐదోసారి మొదలుపెట్టడం. నాలుగు చించేశాను. ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. నీ సంతోషపు గొంతు వింటే మళ్లీ అబద్ధమే చెబుతానని నాకు తెలుసు.

ఆ రిమోట్‌లో రబ్బరు అరగలేదు. మంచిగానే ఉంది.

అక్కయ్య ఫోన్ చేసిన రోజు ఆమె ఏడుపు నా చెవిలోనే ఉండిపోయింది. నువ్వు పంపిన రిమోట్ విప్పి చూశాను, ఏ లోపం లేదు. లోపం నీ వేలిలోనే ఉంది. అది నీకు ఎట్ల రాయాలె? చేతిలో సోల్డరింగ్ కడ్డీ ఉంది. బటన్ వెనక ఒక కెపాసిటర్ అతికించాను. నీలం రంగు చిన్న ముక్క, కరెంటును కాసేపు పట్టి ఉంచుతుంది. నీ వేలు బటన్ వదిలేసినా అర సెకను వరకు నొక్కి ఉన్నట్టే మిషన్ అనుకుంటుంది. తాడు దాటడానికి ఆ అర సెకను చాలు. నువ్వు పదికి పది దాటావు. పట్టుకున్నది మాత్రం నీ వేలు కాదు, ఆ ముక్క.

ఒక్కసారి దాటితే నీకు ధైర్యం వస్తుంది, కసరత్తు మళ్లీ చేస్తావు, నెల తర్వాత మెల్లగా తీసేద్దాం అనుకున్నాను. ధైర్యం వచ్చింది. అన్నం నీ చేత్తో తిన్నావని చదివి నేను షాపు మూసి గుడికి పోయాను. అప్పుడు చెప్పాలనిపించలేదు. బోర్డు సంగతి, పన్నెండు మంది సంగతి చదివాక మూడు వారాలుగా నాకు ముద్ద దిగడం లేదు.

డేవిడ్, నేను తిక్కలోణ్ని. కొత్త ఆట నీకు చేసిన పనే నేనూ చేశాను. అదైనా తేలిక చేయమంటారా అని అడిగింది. నేను అడగను కూడా అడగలేదు. హాస్టల్లో నా మీద జాలిపడి ఒక్క తప్పు వదిలేసి ఉంటే నేను ఇవాళ ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. నువ్వు నాకు చేసిన మేలు నీకు తిరిగి చేసే రోజు వస్తే, నేను ఎర్ర పెన్ను దాచిపెట్టాను.

రిమోట్ వెనక ఆరు స్క్రూలుంటాయి. విప్పితే కుడివైపు ఆ నీలం ముక్క కనబడుతుంది. దాని రెండు కాళ్లూ కత్తిరించు, మిగతాది ఏమీ ముట్టుకోకు. బోర్డుకు పోయే లోపు ఆడి చూడు. ఎంతొస్తే అంత. ఆ తర్వాత నన్ను ఏమన్నా అను, పడతాను.

లక్ష్మా


భూపాలపల్లి,
జూన్ 7

లక్ష్మా,

నీ ఉత్తరం అందింది. చదివాను.

నేను నీ ముందు, అక్క ముందు, కాళి అన్న ముందు, లైను లైనంతటి ముందు ఎగిరానే, అది నేను కాదు, రూపాయి ఖరీదు లేని ఆ నీలం ముక్క. నువ్వు అక్కడ కూర్చుని నా ఉత్తరాలు చదివి నవ్వుకున్నావో, పాపం అనుకున్నావో నాకు తెలియదు. రెంటిలో ఏది అనుకున్నా నాకు ఒకటే.

నాకు రాయకు.

డేవిడ్


భూపాలపల్లి,
జూలై 6

అరే లక్ష్మా,

రాయకు అన్నది నేనే, ముందు రాస్తున్నది నేనే. నవ్వుకో, ఫరవాలేదు.

ఆ ఉత్తరం పోస్టు చేసి వచ్చి మిషన్‌ను బీరువాలో పడేసి తాళం వేశాను. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కాళి అన్న కుర్చీతో వచ్చి, తలుపు వేసి ఉంటే కుర్చీతోనే తిరిగిపోయాడు. మూడో రోజు శోభ తాళం చెవి నా ముందు పెట్టి, "ఏందో చెప్తవా, నేనే లక్ష్మన్నకు ఫోన్ చెయ్యాల్నా?" అంది. ఇక చెప్పాను. మొత్తం చెప్పాను. నీకు నాలుగు తిట్లు తగులుతాయి అనుకున్నాను, ఒట్టు. అది బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అంది, "గాయన తప్పు చేసిండు, చెప్పిండు. నువ్వు గా లివర్ పట్టుకోకముందే చెప్పిండు. పట్టుకున్నంక చెప్తే పన్నెండు ఇండ్లకు నేను ఎట్ల పోదును?"

ఆ పన్నెండు ఇళ్లూ ఈ లైన్లోనే, మా చుట్టూనే ఉన్నాయి. మా గోడ అవతల కాళి అన్న కొడుకు మిథున్‌ది అదే షిఫ్టు.

ఆ సాయంత్రమే కూరగాయల కత్తి మొనతో ఆరు స్క్రూలు విప్పాను. గంట పట్టింది, కుడిచేత్తోనే విప్పాను. నీలం ముక్క కందిగింజంత ఉంది. ఇంత చిన్నదా నన్ను ఎత్తుకు తిరిగింది అనిపించింది. కాళ్లు కత్తిరించి పదిసార్లు ఆడాను. పదిసార్లూ నీళ్లలోనే. కానీ ఒక సంగతి చెప్పాలి. మార్చిలో పడ్డప్పుడు వేలు ఎప్పుడు వదిలేసిందో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. జారుతున్నప్పుడే తెలుస్తోంది. శ్రీలత మేడంకు ఫోన్ చేసి ఈ మాట చెబితే, "అన్నా, గదే నేను మూడు నెలలసంది ఎదురుచూస్తున్న మాట" అంది. రెండో రోజు పదిలో ఒకసారి దాటాను. తర్వాత మూడు. మళ్లీ రెండుకు పడ్డాను, ఆ రోజు శోభ రిమోట్ లాక్కుని దాచింది. బోర్డు ముందురోజు లెక్కపెట్టి పదిసార్లు ఆడాను. కాళి అన్నను పిలిచి కుర్చీ వేసి, జరిగింది ముందే చెప్పి, సాక్షిగా కూర్చోబెట్టాను. ఏడు.

పద్దెనిమిదిన బోర్డు ముందు నిలబడ్డాను. ముగ్గురు డాక్టర్లు. నేను చెప్పినట్టే, పిడికిలి బిగించమన్నారు, మిషన్ పిసకమన్నారు. పిసికాను. పెద్ద డాక్టరు, "మంచిగ కోలుకున్నవయ్యా, ఫిట్ రాస్తున్న" అని పెన్ను తీశాడు. "సార్, జర ఆగుండ్రి" అన్నాను. ఆయన పెన్ను ఆగింది. "నా వేలు పదిట్ల ఏడుసార్లే పట్టుకుంటది సార్. మూడుసార్లు వదులుతది. హాలర్ వద్దు" అన్నాను. ఏడు ఎట్ల తెలుసు, ఎవరు పరీక్ష చేశారు అని అడిగాడు. వీడియో గేమ్ సార్ అన్నాను. పక్క ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. బటన్ ఎట్ల ఉంటుంది, ఎంతసేపు పట్టాలి, వేలు ఏ పక్కకు వాలాలి, అన్నీ అడిగాడు. నా బొటనవేలు పట్టుకుని అదే పక్కకు వంచి గట్టిగా ఆపమన్నాడు. మొదటిసారి ఆపాను, రెండోసారి, మూడోసారి ఆపాను, నాలుగోసారి జారింది. "ఇన్నేండ్లల్ల ఫిట్ చెయ్యమని బతిమిలాడినోళ్లను చూసిన, అన్‌ఫిట్ చెయ్యమన్నోళ్లను చూసిన. లెక్క చెప్పినోన్ని నిన్నే చూసిన" అని కాగితం మార్చి రాశాడు.

ఇప్పుడు నాది పైన లాంప్ రూం. లోపలికి దిగే ప్రతి మనిషికి తలదీపం నేనే ఇవ్వాలి, పైకి వచ్చాక నేనే తీసుకోవాలి. మొదటి వారం తల ఎత్తలేదు, పదిహేనేళ్లు గని లోపల ఉన్నవాణ్ని ఇట్ల కిటికీ వెనక కూర్చోబెట్టారని. ఇప్పుడు ఫరవాలేదు. షిఫ్టు అయ్యాక ఇచ్చినన్ని దీపాలూ కొక్కేలకు తిరిగొస్తే, అందరూ పైకొచ్చినట్టు. అన్నీ వచ్చేదాకా నేను కిటికీ మూయను. మొన్న మిథున్ దీపం ఇస్తూ, "ఏంది కాకా, గంతగనం చూస్తున్నవ్?" అన్నాడు. ఏం లేదు పో, పోయి తిను అన్నాను.

లక్ష్మా, నిన్ను తిట్టిన మాట వాపసు తీసుకోను. ఆ తిట్టుకు నువ్వు లాయకే. కానీ ఇది కూడా రాసి పెట్టుకో. ఆ ముక్క అతికించిన రోజు నువ్వు నన్ను గోడ దగ్గర నుంచి లేపావు. ఆ రెండు నెలలు నేను కసరత్తు చేశాను, రాశాను, తిన్నాను. అవేవీ అబద్ధం కాదు. తర్వాత నన్ను పోగొట్టుకున్నా సరే అని నిజం రాశావు. మొదటిది ఎవరైనా చేస్తారు రా, ప్రేమ ఉంటే చాలు. రెండోది చేయడానికి ఎంత దమ్ము కావాలో నాకు బోర్డు ముందు నిలబడ్డప్పుడు తెలిసింది. నీ ఉత్తరం రాకపోయి ఉంటే నాకు ఆ మాట నోట్లోంచి వచ్చేదే కాదు.

ఆ పదికి పది నీవి. వాటికి దండం. ఈ ఏడు మాత్రం నావి, నా వేలివి, వీటిని ఎవడూ పట్టి ఉంచలేదు. పాత ఆటే ఎందుకు అని అక్షిత మొన్న ఫోన్లో మళ్లీ అడిగింది. ఏడు అంటే ఏడు అనే చెబుతుంది, అందుకే అన్నాను. దానికి అర్థమైందో లేదో.

ఒక్క ఆదివారం షాపు మూసి ఇటు రా. మహబూబాబాద్ నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం అన్నానికి చేరుతావు. శోభ నాటుకోడి వండుతానంటోంది.

నిన్న సాయంత్రం పదికి ఎనిమిది దాటాను. శోభకు కూడా ఇంకా చెప్పలేదు, ముందు నీకే రాస్తున్నాను.

నీ డేవిడ్